ఫిజియోథెరపీ గదిలో రెండో మనిషి

ఆత్మకూరు అంటే "ఏ ఆత్మకూరు?" అని బయటివాళ్లు అడుగుతారు. నెల్లూరు జిల్లాలో ఒకటుంది, అనంతపురం దగ్గర ఒకటుంది, తెలంగాణలోనూ ఉన్నాయి. మాది నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా దోర్నాల పోయే దారిలో, అడవిలో అడుగుపెట్టే ముందు వచ్చే ఊరు. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా.

నేను ఇక్కడే పుట్టాను. కర్నూలులో ఒక ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి మళ్లీ ఇక్కడికే వచ్చాను. నేను డాక్టరును కాను, ఫిజియోథెరపిస్టును కూడా కాను. ఫిజియోథెరపిస్టు పరీక్ష చేసి రాసిచ్చిన కసరత్తును రోగి చేత రోజూ చేయించిన సహాయకుణ్ణి. ఆ గదిలో రెండో మనిషిని.

ఈ మధ్య ఇంటర్ అయిన పిల్లలు వచ్చి "తాతా, ఫిజియో అసిస్టెంటు కోర్సు చేస్తే ఎట్లుంటుంది?" అని అడుగుతున్నారు. పక్షవాతం వచ్చినవాళ్ల బంధువులు వచ్చి "ఇంటికొచ్చి చేయించే మనిషి యాడన్నా దొరుకుతాడా అన్నా?" అని అడుగుతున్నారు. ఇద్దరికీ చెప్పాల్సినవి ఇక్కడ రాస్తున్నాను. వీటిలో చాలావరకు నేను తప్పు చేసి తెలుసుకున్నవే.

1. ఎక్కడ ఆగాలో తెలిసినవాడికే పని తెలిసినట్టు.

1985లో నేను చేరింది వార్డు బాయ్‌గా. రోగిని స్ట్రెచరు మీద నుంచి బల్ల మీదికి మార్చడం, మైనం కరిగించి పెట్టడం, ఇసుక సంచులు అందించడం నా పని. చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. నాలుగేళ్లు తిరిగేసరికి ఏ కండరానికి ఏ కసరత్తో అడిగితే చెప్పగలిగేవాణ్ణి. రోగులు నన్ను "డాక్టరు సార్" అనేవాళ్లు. ఆ పిలుపు చెవికి తీపిగా ఉండేది. కాదని ఒక్కరికీ చెప్పలేదు.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక అవ్వ వార్డులో ఉండేది. ఒకరోజు ఆమె పిక్క వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. మా ఫిజియోథెరపిస్టు ఆ రోజు సెలవు. కోడలు నూనె సీసా తెచ్చి "కొంచెం రుద్దు నాయనా, నొప్పికి ఓర్చుకోలేకుంది" అంది. నేను రుద్దాను. ఐదు నిమిషాలు కూడా అయిందో లేదో, రౌండ్లకు వచ్చిన డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. పిక్కలో లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. ఆపరేషన్ తర్వాత కదలకుండా మంచం మీద ఉన్నవాళ్లకు ఇలా జరుగుతుంది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు, నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. అవ్వ బతికింది. అందులో నా మంచితనం ఏమీ లేదు.

పరీక్ష చేసి ఏ వైద్యమో తేల్చడం ఫిజియోథెరపిస్టు పని. తేల్చినదాన్ని చేయించడం, చేస్తున్నప్పుడు రోగిని కనిపెట్టుకుని ఉండడం, తేడా కనబడితే ఆపి కబురు చేయడం సహాయకుడి పని. నిన్న లేని వాపు, ఉన్నట్టుండి ఆయాసం, కళ్లు తిరగడం, కొత్తగా తిమ్మిరి: వీటిలో ఏది కనబడినా ఆ రోజుకు కసరత్తు లేదు. అవ్వ సంగతి జరిగిన మర్నాడు ఒక నోటుపుస్తకం కొన్నాను. రోగి పేరు, చేయించింది ఏమిటి, మోకాలు ఎంతవరకు వంగింది, నొప్పి ఎక్కడ, ఎవరికి చెప్పాను. రిటైరయ్యే దాకా అట్లాంటివి నలభైకి పైగా నింపాను.

2. వేడి పెట్టే ముందు చర్మాన్ని అడగాలి.

రెండు గాజు గొట్టాలు తీసుకుంటాం. ఒకదాంట్లో వేడినీళ్లు, ఒకదాంట్లో చన్నీళ్లు. రోగి కళ్లు మూసుకుంటే ఒక్కొక్కటీ చర్మానికి తాకించి ఏది వేడి, ఏది చల్లన అని అడగాలి. అర నిమిషం పని. జనం కిక్కిరిసిన ఒక సోమవారం ఆ అర నిమిషం మిగుల్చుకుందామని పాత రోగి కాలికి నేరుగా వేడి సంచి కట్టాను. ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు. పాదాల్లో స్పర్శ ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. "బాగుందా?" అంటే "బాగుంది" అన్నాడు. సంచి తీసేసరికి బొబ్బలు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగితే ఆయన మంచం మీద నుంచి చెయ్యి ఊపి "పోనీలే సామీ" అన్నాడు. ఆ మాట తిట్టుకన్నా ఎక్కువ కాలం గుర్తుంది నాకు.

3. చూసింది చెప్పకపోతే చూడనట్టే.

పక్షవాతం వచ్చినవాళ్లను లేపేటప్పుడు ఇంటివాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. పడిపోయిన చేతిని పట్టుకునో, ఆ చంకలో చెయ్యేసో పైకి లాగుతారు. ప్రేమతోనే లాగుతారు. కానీ పక్షవాతంలో భుజం చుట్టూ కండరాలు వదులైపోయి ఉంటాయి. చేతి బరువుకే భుజపు ఎముక గూటిలోంచి కిందికి జారుతుంది. దాన్ని పట్టుకుని లాగితే కీలు ఇంకా జారి నొప్పి పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకున్న నొప్పి నెలల తరబడి వదలదు.

కర్నూలులో మాకు తెలిసిన దర్జీ ఒకాయన అట్లాగే వచ్చాడు. మా ఇంటి పండగ బట్టలు ఆయన కుట్టినవే. కొడుకులిద్దరూ రోజూ ఆటో దింపి, ఎడమ చెయ్యి పట్టి లాగుతూ లోపలికి తెచ్చేవాళ్లు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేవాణ్ణి. చెప్పాలనిపించేది. పెద్ద కొడుకు కోపిష్టి, నేను చెబితే వింటాడా అనుకున్నాను. ఇంటివాళ్లకు నేర్పడం ఫిజియోథెరపిస్టు పనిలే, నాకెందుకు అని కూడా అనుకున్నాను. మొదటి పాఠాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం అంటే ఇదే. నిర్ణయం నాది కాకపోవచ్చు, చూసిన కళ్లు మాత్రం నావే. ఫిజియోథెరపిస్టు వారానికి ఒకసారి ఆయన్ను బల్ల మీద చూసేవారు, గుమ్మం దగ్గర చూసేది నేనొక్కణ్ణే.

నెల తిరక్కముందే భుజం నొప్పి మొదలైంది. నొప్పికి భయపడి ఆయన చెయ్యి ఎత్తనివ్వడం మానేశాడు, తర్వాత రావడమే మానేశాడు. గుడ్డను అదిమిపట్టాల్సిన ఆ ఎడమ చెయ్యి మళ్లీ మిషను మీదికి రాలేదు. ఆయన కొట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. మనిషిని లేపేటప్పుడు చేతిని లాగొద్దు. ఎదురుగా నిలబడి, మన చేతులు ఆయన వెనక్కి పోనిచ్చి భుజపు రెక్క కిందా నడుము దగ్గరా ఆసరా ఇచ్చి, ఆయన్ను ముందుకు వంచి లేపాలి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టాలి. పడుకున్నవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి.

4. కసిరితే రోగి పోతాడు, జబ్బు పోదు.

మన సీమలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు అంటారు, చెయ్యీ కాలూ పడిపోతే పావురం రక్తం పూస్తారు. ఒక పెద్దాయనను అట్లా మూడు వారాలు పావురం వైద్యం చేయించి తెచ్చారు. అందరి ముందూ ఆ ఇంటివాళ్లను గట్టిగా కసిరాను. నా మాటలో తప్పు లేదు, పక్షవాతంలో మొదటి వారాలు చాలా విలువైనవి. కానీ వాళ్లు మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అప్పుడు మా ఫిజియోథెరపిస్టు నన్ను పక్కకు పిలిచి ఒకటే అడిగారు: "మూడు వారాలు ఆలస్యమైందని కోప్పడ్డావు, మిగిలిన సంవత్సరం ఎవరు పోగొట్టారు?" ఆయన ఆ రోజు నాతో ఇంకేమీ మాట్లాడలేదు.

5. చేతికి చదువు తోడుండాలి.

దేశంలో ఈ చదువు మొదలైందే పోలియో వల్ల. 1952లో బొంబాయిలో పోలియో ప్రబలింది. ఆ మరుసటి ఏడే అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి ఫిజియోథెరపీ పాఠశాల వచ్చింది. నేను చేరినప్పుడు మా గది నిండా పోలియో పిల్లలే. కాళ్లకు ఆసరాగా తొడిగే కాలిపర్ల తోలు పట్టీలు బిగించడంతోనే పొద్దు గడిచేది. దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో బయటపడింది, 2014 మార్చిలో దేశం పోలియో నుంచి బయటపడినట్టు ప్రకటించారు. ఆ పిల్లలు రావడం ఆగిపోయిన సంతోషాన్ని నా కళ్లతో చూశాను. వాళ్ల స్థానంలో మోటార్‌సైకిల్ ప్రమాదాలు, షుగరు, బీపీ, పక్షవాతం వచ్చాయి. మిషన్లు మారాయి, పద్ధతులు మారాయి.

నేను మారలేదు. ఇద్దరు ఫిజియోథెరపిస్టులు వేర్వేరు కాలాల్లో "డిప్లొమా చెయ్యి, సెలవు ఇప్పిస్తాం" అన్నారు. "చెయ్యి ఆడుతోంది కదా సార్, కాగితం ఎందుకు?" అన్నాను. ఎవరైనా చెబితే చేసేవాణ్ణే కానీ, మోకాలు ఎందుకు అంతకన్నా వంగదో, ఫలానా రోగికి కరెంటు చికిత్స ఎందుకు పెట్టకూడదో కారణం నాకు తెలియదు. కారణం తెలియని చెయ్యి ఎంత నేర్పున్నదైనా కొత్త రోగి దగ్గర తడబడుతుంది. జీతం సంగతీ అంతే, చివరిదాకా నా హోదా అటెండరే.

అమెరికాలో ఈ పనికి ఒక పేరూ ఒక గీతా 1967లోనే ఏర్పడ్డాయి. ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంట్ల మొదటి బ్యాచ్ 1969లో బయటికి వచ్చింది. రెండేళ్ల డిగ్రీ, ఆపైన లైసెన్సు పరీక్ష. మా అక్క మనవరాలు డల్లాస్‌లో ఆ ఉద్యోగమే చేస్తోంది. "తాతా, మొదటి పరీక్ష నేను చెయ్యకూడదు, థెరపిస్టు రాసిన ప్లాను నేను మార్చకూడదు. కానీ రోజూ రోగితో ఉండేది నేనే" అని ఫోనులో చెప్పింది. నేను ముప్పై ఏళ్లలో దెబ్బలు తిని తెలుసుకున్నదాన్ని ఆ పిల్లకు మొదటి నెలలోనే పాఠంగా చెప్పారు.

మన దగ్గర ఆ గీత ఇప్పుడిప్పుడే పడుతోంది. 2021 మార్చిలో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం అనుబంధ ఆరోగ్య నిపుణుడు అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ల కాలంలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఫిజియోథెరపిస్టు లాంటి ఆరోగ్య వృత్తి నిపుణుడికి మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటలు. కాబట్టి, పిల్లలూ, ఎవరో "మూడు నెలల్లో సర్టిఫికెట్" అంటే డబ్బు కట్టకండి. ఎన్ని గంటల చదువు, గుర్తింపు ఎవరిది, ఏ ఆసుపత్రిలో శిక్షణ అని అడగండి. వీలుంటే ఫిజియోథెరపీ డిగ్రీనే చదవండి. వీలుకాకపోతే గుర్తింపున్న డిప్లొమా చేయండి, ఆపైన చదవడం మానకండి.

6. ఆడవాళ్లకు ఆడవాళ్ల చెయ్యి కావాలి.

మా విభాగంలో చాలా ఏళ్లు ఉన్నది మగవాళ్లమే. నడుము నొప్పితో, కాన్పు తర్వాతి బాధలతో వచ్చిన ఆడవాళ్లు బల్ల మీద బిగుసుకుని పడుకునేవాళ్లు. నొప్పి ఎక్కడో చెప్పేవాళ్లు కాదు. పరదా పట్టుకునే ముసలి ఆయా చెవిలో చెబితే ఆమె వచ్చి మాకు చెప్పేది. ఆమెకు నాలుగు కసరత్తులు నేర్పించమని ఒక్కసారి అడిగినా పోయేది. ఆ ఆలోచనే రాలేదు నాకు. ఆత్మకూరు, వెలుగోడు, కొత్తపల్లె ఆడపిల్లలు ఈ చదువులోకి రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

7. మనిషిని ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి.

ఇంటికి వచ్చి చేయించే మనిషి కావాలంటే ముందు ఫిజియోథెరపిస్టును వెతకండి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, కసరత్తులు రాయించుకుని, చేయించే మనిషిని ఆయన్నే అడగండి. వచ్చిన మనిషిని మొదటిరోజే ఇవి అడగండి. నువ్వు ఎవరి కింద చేస్తున్నావు? మా నాయనకు ఆయన ఏం చేయమన్నాడు? ఏం కనబడితే ఆపేస్తావు? మొదటిదానికి పేరు రాకపోయినా, మూడోదానికి "ఏమీ కాదులే" అన్నా, ఆ మనిషికి టీ ఇచ్చి పంపించండి. "వారంలో నడిపిస్తా" అనే మాటను నమ్మకండి.

8. ఆసుపత్రి బల్ల గూడెంలో ఉండదు.

ఇది రాయడానికి చాలాసార్లు కూర్చుని లేచాను.

బైర్లూటి వైపు ఒక చెంచు గూడెం నుంచి ఒక తల్లి నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుని కర్నూలు వచ్చింది. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైన బిడ్డ. మెదడుకు దెబ్బ తగిలి కాళ్లు బిగుసుకుపోయాయి. నిలబెడితే మునివేళ్ల మీదే నిలుస్తాడు. ఫిజియోథెరపిస్టు చూసి రాసిచ్చారు. నేను మా గదిలో ఉన్న వాలు బల్ల మీద, ఇనుప కడ్డీల మధ్య అన్నీ చేసి చూపించాను. ఆమె మౌనంగా చూసి "ఇయ్యన్నీ మాకు యాడియి సామీ?" అంది. "వారం వారం ఇక్కడికే తీసుకురా" అన్నాను. రానూపోనూ బస్సు చార్జీ, ఒక రోజు కూలి, భుజం మీద పిల్లవాడు. మూడుసార్లు వచ్చింది. నోటుపుస్తకంలో నేను "రావడం మానేశారు" అని రాసుకున్నాను.

రిటైరై ఊరికి వచ్చాక ఒకరోజు ఆ వైపు వెళ్లినప్పుడు గూడెంలో అడిగితే ఇల్లు చూపించారు. ఇంటిముందు నాలుగు గుంజలు పాతి, వాటికి పిల్లవాడి చేతికందే ఎత్తులో రెండు వెదురు గడలు కట్టి ఉన్నాయి. గడలు చేతుల నూనెకు నున్నబడి ఉన్నాయి. మా గదిలోని కడ్డీలు ఒక్కసారి చూసి తండ్రికి చెప్పింది తల్లి, అడవిలోంచి వెదురు కొట్టుకొచ్చి కట్టాడు ఆయన. డేవిడ్ వెర్నర్ అనే ఆయన మెక్సికో కొండ పల్లెల్లో పనిచేసి 1987లో వికలాంగ పిల్లల గురించి రాసిన పెద్ద పుస్తకంలో ఇట్లా ఊళ్లో దొరికేవాటితో చేసుకునే ఉపాయాలే నిండా ఉన్నాయి. ఈ తండ్రి ఏ పుస్తకమూ చూడలేదు.

పిల్లవాడు ఆ గడలు పట్టుకుని నడుస్తున్నాడు. కానీ మడమలు నేలకు ఆనడం లేదు. పిక్క కండరం పూర్తిగా బిగుసుకుపోయింది. మడమను అరచేతిలో పట్టి, పాదాన్ని మన ముంజేతికి ఆనించి, మోకాలు చాపి ఉంచి, మడమను కిందికి లాగుతూ పాదం ముందుభాగాన్ని పైకి నెట్టి ముప్పై లెక్కపెట్టాలి. రోజూ పొద్దునా సాయంత్రం. దానికి బల్ల అక్కర్లేదు, కడ్డీ అక్కర్లేదు, తల్లి ఒడి చాలు. ఆ ఒక్కటి సరిగా నేర్పి పంపి ఉంటే ఇప్పుడు మడమలు ఆనడానికి ఆపరేషన్ అనే మాట వచ్చేది కాదేమో. నాకు తెలిసింది వాళ్లకు తెలియదు, వాళ్లకు చేతనైంది నాకు తోచలేదు.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి సంస్థలు ఊళ్లోనే మనుషులను తయారుచేసి ఇంటి గుమ్మం దగ్గరే ఈ పని చేయిస్తున్నాయి. సర్కారు వైపు నుంచి మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు అక్కడ టీచర్లు, ఆయా ఉంటారు. నిర్ణయించిన రోజున ఫిజియోథెరపిస్టు వస్తారు. ఆ ఒక్కరోజు కాక మిగిలిన రోజులన్నీ తల్లి చేతిలోనే ఉంటాయి. ఆ చేతికి ఒకటి రెండు కసరత్తులు సరిగా అలవాటు చేసి, తప్పితే సరిదిద్దే మనిషే నేను చెబుతున్న రెండో మనిషి.

ఆ పిల్లవాడి దగ్గరికి మళ్లీ వస్తానని మాట ఇచ్చాను. రెండుసార్లు వెళ్లాను. తర్వాత నా మోకాళ్లు ఒప్పుకోలేదు. ఆత్మకూరు నుంచి దోర్నాల బస్సు బైర్లూటి మీదుగానే పోతుంది. ఈ చదువు చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నెలకు ఒక ఆదివారం ఆ బస్సెక్కండి. ఎక్కేముందు ఒకసారి మా ఇంటికి రండి, ఆ పిల్లవాడి సంగతి రాసుకున్న నోటుపుస్తకం ఇస్తాను.